కత్తి బరువుకే తెగాలె

మా మామ పోయాడు. పోయిన వారం నేను గోపాల్‌పేటలో మా అమ్మగారింట్లో ఉండగా పక్కింటి వాళ్ల ఫోనుకు మా ఆయన చేశాడు. "నాయిన పోయిండు. పిల్లగాన్ని తీసుకొని బయల్దేరు," అన్నాడు, పెట్టేశాడు. వనపర్తి మీదుగా గద్వాల వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఏడుపు కన్నా ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు ఏళ్ల నాటిది. ఇప్పుడైనా చెప్పుకోవాలి.

మా మామ మంగలి పని చేసేవాడు. గద్వాలలో మగ్గాలున్న వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి గడ్డాలు గీశాడు. మా ఆయనది బస్టాండు దగ్గర దుకాణం. తిరిగే కుర్చీ, నిలువుటద్దాలు, మనిషికో కొత్త బ్లేడు. మామ మాత్రం మడిచే పాత కత్తిని వదల్లేదు. పొద్దున్నే దాన్ని నూరి, ఎడమ ముంజేతి మీద గీసి చూసుకునేవాడు. ఆ చేతి మీద వెంట్రుకన్నది నిలిచేది కాదు. మా అత్త చూసి, "గా చెయ్యి కోడిని పీకినట్టుంది," అని నవ్వేది.

ఆ కత్తికి ఆఖరి పదును పెట్టే సానరాయి ఒకటి ఉండేది, అరచెయ్యంత పొడవు, నల్లగా. వాళ్ల నాయన ఇచ్చినది. తడిగుడ్డలో చుట్టి గూట్లో పెట్టేవాడు.

మా పెద్దోడికి పదకొండో నెలలో పుట్టెంట్రుకలు తీయాలని రోజు పెట్టుకున్నాం. తన కత్తితోనే తీస్తానని మామ పట్టు. మా ఆయన ససేమిరా అన్నాడు.

"నీ చెయ్యి వణుకుతుంది నాయినా. పసిపిల్లగాని తల అది. నేను బ్లేడుతోని తీస్త."

"వత్తే చెయ్యే గాటు పెడ్తది. కత్తి దాని బరువుకే తెగాలె. గంత పదునుంటే ఇగ చెయ్యితోని ఏం పని?"

"అంత పదును పెట్టి చూపియ్యి. అప్పుడు చూద్దాం," అన్నాడు మా ఆయన. మామ సరేనన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఘనకార్యం చేశాను. నేనూ మంగలింటి బిడ్డనే గానీ, మా పుట్టింట్లో కత్తి మా తాతతోనే పోయింది. ఆ తర్వాత అంతా సేద్యమే. మాకు నూరే రాయంటే కొడవలి నూరే రాయి. తొక్కు పెడదామని మామిడికాయలు కోస్తుంటే కత్తిపీట టెంక దగ్గర మొరాయించింది. గూట్లో రాయి కనిపించింది. ఇంకేముంది, కూర్చొని బరబరా నూరేశాను. పదును భలే వచ్చిందని నాకు నేనే మురిసిపోయాను కూడా.

సాయంత్రం మామ రాయిని తీసి బొటనవేలితో తడిమాడు. గోరు దిగేంత గాట్లు. మళ్లీ చదును చేద్దామని బండ మీద రుద్దితే, అరిగి అరిగి రేకులా ఉన్న రాయి నడిమికి రెండు ముక్కలైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "తప్పయింది మామా," అంటూ ఏడ్చేశాను.

ఆయన ముక్కలు రెండూ పక్కన పెట్టి అడిగాడు. "కత్తిపీట అయితే మంచిగ తెగుతుందా?"

"తెగుతుంది మామా."

"మరి తొక్కన్న మంచిగ పెట్టు."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ మూతి ముడుచుకొని మరిచిపోయేదాన్ని.

మర్నాడు పిల్లగాన్ని అత్తకు అప్పజెప్పి, కొత్త సానరాయి వెతకడానికి మామా నేనూ కృష్ణ ఒడ్డుకు పోయాం. ఎండాకాలం, నదిలో నీళ్ల కన్నా బండలే ఎక్కువ. నేను నున్నగా మెరిసే రాళ్లు ఏరి తెస్తే, "సక్కగనే ఉన్నది. దీనికి పెండ్లి చేద్దామా?" అని విసిరేసేవాడు. రాయిని తడిపి ఎండకు తిప్పి చూసేవాడు. లోపల తెల్లటి చార కనిపిస్తే వద్దనేవాడు, కత్తి అంచు అక్కడ తగిలి చిట్లుతుందట. వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినేవాడు. చివరికి ఇంకో రాయితో రుద్ది ఆ పొడిని పళ్ల మధ్య నూరి చూసేవాడు. "గరగర అన్నదా, గడ్డం కూడా గట్లనే అంటది," అని ఉమ్మేసేవాడు. మూడో రోజు ఆకుపచ్చ చాయ ఉన్న బూడిద రంగు రాయొకటి దొరికింది. దాని పొడి నా నోట్లోనూ వేశాడు. పిండిలా కరిగిపోయింది.

దాన్ని చదును చేసింది నేనే. వాకిట్లో నాపరాయి మీద సన్న ఇసుక, నీళ్లు పోసి రుద్దడం. రాయి మీద బొగ్గుతో గీతలు గీసి ఇచ్చేవాడు. "గీత మిగిలిన కాడ గుంత ఉన్నట్టు. అన్నీ ఒక్కసారే పోవాలె. జర నిమ్మలంగ," అంటూ పక్కనే కూర్చునేవాడు. నా వేళ్లు ఒరుసుకుపోయాయి. అయినా లేవబుద్ధి కాలేదు. అంచులు గుండ్రంగా అరగదీశాక, అదే రాయి చిన్న ముక్కతో తడి చేసి రుద్దితే పైన పాలలాంటి చిక్కటి నీళ్లు వచ్చాయి. ఆ పాల మీద కత్తిని వాలుగా పెట్టి, వెన్ను ముందు, అంచు వెనక లాగాడు. నీళ్లు చేర్చి పాలు పలచన చేస్తూ, చివరికి వట్టి నీళ్ల మీద, చప్పుడే లేకుండా.

నా జడ నుంచి ఒక వెంట్రుక తీసి కొస పట్టుకొని అంచుకు తాకించాడు. తెగి కింద పడింది. గడపలో నిలబడి చూస్తున్న మా ఆయన, "సరే. నువ్వే తియ్యి," అన్నాడు.

అనుకున్న రోజున, కృష్ణ మీది బీచుపల్లి రేవులో, మేనమామ వరసగా మా అన్న పిల్లగాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. మా మామ వాడి తల బాగా తడిపి పక్క నుంచి మొదలుపెట్టాడు. కుడి వైపు అయింది. ఎడమ వైపు, వెనక అయ్యాయి. ఒక్క గాటు లేదు, పిల్లగాడు గుక్క పెట్టలేదు. మాడు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. కత్తి ఎత్తి తన వేళ్లకేసి చూసుకున్నాడు. వణుకుతున్నాయి.

"నా చెయ్యి గింత వరకే బిడ్డా. నీ మాట నిజమే. గని బ్లేడు వద్దు, దీంతోనే తియ్యి," అని కత్తి మా ఆయనకు అందించాడు.

మా ఆయన కళ్ల నిండా నీళ్లు. కత్తి తీసుకున్నాడు గానీ వంగలేకపోయాడు.

"నాకు భయమైతుంది నాయినా. నువ్వు నా చెయ్యి పట్టుకో."

మామ కొడుకు మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ వత్తలేదు. తడి వెంట్రుకలు జారిపోయిన చోట, వాళ్ల చేతుల కింద, నా బిడ్డ మాడు మెల్లగా కొట్టుకుంటూ కనిపించింది.