పెద్దత్తయ్య మర్చిపోయిన పాస్‌పోర్టు

మా పెద్దత్తయ్య ఎవరి గడప తొక్కినా, తిరిగొచ్చేటప్పుడు తన వస్తువు ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావలసిందే. గొడుగులు, కళ్లజోళ్లు, శాలువాలు, చేతిసంచులు. మా వీధిలో ఏ తలుపు తట్టినా లోపల ఏదో ఒక గూట్లో మా అత్తయ్య సామాను కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటుంది. ఆవిడ ఇంతవరకు కొన్న గొడుగులన్నీ ఒక్కసారి తెరిచి పట్టుకుంటే మా ఊరికి వర్షాకాలం రద్దయిపోతుందని నేను ఎక్కడైనా పందెం కాస్తాను. నేను కాలేజీ మధ్యలో మానేసినవాణ్ని కాబట్టి మిగతా విషయాల్లో నా మాట కొట్టిపారేయొచ్చు గానీ, గొడుగుల విషయంలో కుదరదు. వాటిని తిరిగి మోసుకొచ్చే ఉద్యోగం నాదే.

ఒకసారి బట్టల కొట్లో ఏకంగా మావయ్యనే మర్చిపోయి వచ్చింది. ఆయన కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉండిపోయాడు. కొట్టువాళ్లు ఆయన్ని కూడా సరుకే అనుకుని దుమ్ము దులిపారని నేను చెబుతూ ఉంటాను. దులిపారో లేదో గానీ, తీసుకురావడానికి వెళ్లింది మాత్రం నేనే.

"అదేంటత్తయ్యా, మొగుణ్ని కూడా మర్చిపోతారా?" అని అడిగితే, "సంచి గుర్తుపెట్టుకున్నాను కదరా. రెండూ గుర్తుండాలంటే ఎలా?" అంది.

ఇంత మతిమరుపు మనిషి ఎక్కడ పనిచేస్తుందో చెబితే మీరు నమ్మరు. బస్‌స్టేషన్లో, పోయిన వస్తువుల కౌంటర్లో. జనం బస్సుల్లో వదిలేసిన సామానంతా ఆవిడ దగ్గరికే చేరుతుంది. పోగొట్టుకున్న మనిషి స్వయంగా వచ్చి, గుర్తులు చెప్పి తీసుకెళ్లాలి. బదులుగా ఇంకొకరిని పంపితే ఇవ్వరు. అది అక్కడి నియమం. ఆ నియమం దగ్గర అత్తయ్య కన్నతండ్రికైనా లొంగదు.

"నల్ల గొడుగండీ," అంటాడు పాపం ఎవరో ఒకాయన.

"లోకంలో గొడుగులన్నీ నల్లవే. ఇంకో గుర్తు చెప్పు."

"పిడికి మా ఆవిడ దారం చుట్టిందండీ."

"ఏ రంగు దారం?"

"అదీ... చూళ్లేదండీ."

"ఇంటికెళ్లి ఆవిణ్నే అడిగి రా. ఆవిడతో మాట్లాడి ఎన్నాళ్లయిందో ఏమో!"

అలాంటి అత్తయ్య ఒకరోజు మా నాన్న కుట్టుకొట్టుకి వచ్చి, బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. "తమ్ముడూ, ఈసారి సోమవారం కూడా సెలవు. శని, ఆది, సోమ. సరిహద్దు దాటి ఆ ఊరు చూసొద్దాం. రైలు తిన్నగా అక్కడే దింపుతుంది."

మా నాన్న కత్తెర ఆపలేదు. "ఆ ఊళ్లో ఏముంది?"

"కోట ఉంది."

"ఇంకా?"

"నది ఉంది. నది మీద వంతెన ఉంది."

"ఇంకా?"

"ఇంకేం లేదు," అంది అత్తయ్య, పాలు తాగే పసిపాపలా.

ఆ ఇంకేం లేని ఊళ్లోనే మా చిన్నత్తయ్య ఉంటుంది.

చిన్నత్తయ్య మా నాన్నకి చెల్లెలు. పని నేర్పింది నాన్నే. ఒకప్పుడు కొట్లో రెండు మిషన్లు పక్కపక్కన మోగేవి. తర్వాత ఆవిడకి ఆ విదేశపు ఊళ్లో పెద్ద టైలర్ దగ్గర పని దొరికింది. వెళ్తానంటే నాన్నకి ఒళ్లు మండింది. "వెళ్లు, వెళ్లు. నువ్వు కుట్టిన కాలరు కుక్క మెడకి కూడా ఆగదు," అన్నాడు. "నీ నోటికంటే నీ కత్తెరే నయం, కొలత చూసి కోస్తుంది," అని ఆవిడ పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. అంతే. ఇన్నేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి పెద్దత్తయ్య కాళ్లు అరిగిపోయాయి. చిన్నత్తయ్య ఈమధ్యే సొంత కొట్టు పెట్టుకుంది. నాన్న ఒక్కసారి ఆ కొట్టు గడప తొక్కాలన్నది పెద్దత్తయ్య పంతం.

నాన్న బయల్దేరడానికి ఒప్పుకున్నాడు గానీ ముందే తేల్చి చెప్పాడు. "కోట చూస్తాను. నది చూస్తాను. ఇంకెక్కడికైనా రమ్మన్నావంటే తిరుగు రైలెక్కేస్తాను."

"నిన్ను ఇంకెక్కడికి రమ్మంటాన్రా! నేనసలు రమ్మనను."

అమ్మని కూడా పిలిచాం. "మీరు ముగ్గురూ వెళ్లండి. మూడ్రోజులు ఇల్లు నాది," అని లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

శనివారం పొద్దున దిగాం. హోటల్ కౌంటర్లో మనిషి మా పాస్‌పోర్టులు తీసుకుని, వెళ్లేరోజు ఇస్తామని సైగ చేశాడు. అత్తయ్య అప్పటికే రైల్లో మఫ్లరు, స్టేషన్లో నీళ్ల సీసా వదిలేసింది. కోటలో టోపీ వదిలేసింది. అక్కడి కాపలాదారు, ఏనుగంత మనిషి, ఆ టోపీ ఊపుకుంటూ మెట్లన్నీ దిగి మా వెంట పరిగెత్తుకొచ్చాడు. మా ముగ్గురికీ వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. అయినా అత్తయ్య ఆయన భుజం తట్టి, "పిల్లలా? ఎంతమంది?" అని చేతులతో అడిగింది. ఆయన తన కొడుకు పొడుగెంతో గాల్లో చూపించాడు. ఆ లెక్కన చూస్తే ఆ కొడుకు కోటకంటే ఎత్తు. సాయంత్రానికి ఆ వీధిలో సగం మంది మా అత్తయ్యకి చేతులూపుతున్నారు. మూడ్రోజులు కాక మూడు వారాలు ఉండి ఉంటే ఆవిణ్ని మేయర్‌గా ఎన్నుకునేవాళ్లు.

నాన్న మాత్రం కోట చూడలేదు, నది చూడలేదు. దారినపోయేవాళ్ల కాలర్లు చూశాడు. "ఛ, భుజం జారిపోయింది. ఎవడు కుట్టాడో!" అంటూ నడిచాడు.

ఆదివారం నాన్నని నది ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి, అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని చిన్నత్తయ్య కొట్టుకి వెళ్లింది. మూలమలుపులో అద్దాల గది. కిటికీలో కోటు తొడిగిన బొమ్మ, లోపల ఇస్త్రీ బల్ల, సుద్ద గీతల గుడ్డలు, వెనక వంటగది. చిన్నత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "వీడు చదువు మానేశాడటగా?" అంది.

"చదువే నన్ను తట్టుకోలేక మానేసింది అత్తయ్యా."

"నోరు మీ నాన్నదే," అని ఇంత టీ పోసి, "ఆయన ఎలా ఉన్నాడు?" అని ఇస్త్రీపెట్టెని అడిగింది.

తిరిగి నది ఒడ్డుకి చేరగానే పెద్దత్తయ్య మొహం తడుముకుంది. "అయ్యో, కళ్లజోడు చెల్లి కొట్లో ఉండిపోయింది! తమ్ముడూ, కాస్త వెళ్లి తెచ్చిపెట్టవూ?"

"వాణ్ని పంపు. కాళ్లున్నాయి కదా వాడికి."

నేను వెళ్లి తెచ్చాను. ఆవిడ థాంక్స్ చెప్పడానికంటూ మళ్లీ వెళ్లింది. శాలువా వదిలేసి వచ్చింది. నాన్న నన్నే పంపాడు. నేను శాలువాతో వచ్చేసరికి చేతిసంచి అక్కడుందని గుర్తొచ్చింది. మూడోసారి నన్ను చూసి చిన్నత్తయ్య, "నువ్వు ఇక్కడే ఉండిపోరాదూ, షటిల్ బస్సులా తిరిగే బదులు?" అంది. మతిమరుపు మనుషుల్ని చాలామందిని చూశాను గానీ, ఇంత పట్టుదలగా మర్చిపోయే మనిషిని నేనెక్కడా చూడలేదు.

సోమవారం మధ్యాహ్నం పెట్టెలు సర్దుతూ నాన్న అడిగాడు. "పాస్‌పోర్టులేవి?"

"పొద్దున్నే కింద అడిగి తీసుకున్నాను. ఇదిగో నాది, ఇదిగో వీడిది," అంది అత్తయ్య.

"నాదో?"

అత్తయ్య సంచంతా తిరగేసింది. మంచం కింద చూసింది. తలగడ దులిపింది. చివరికి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇందాక చెల్లికి వెళ్లొస్తామని చెప్పడానికి వెళ్లాను కదరా. నీ ఫొటో చూపిద్దామని తీశాను. మిషన్ మీద పెట్టేశాను!"

మా నాన్న మొహం రంగు మారిపోయింది. సాయంత్రం రైలు తప్పితే మర్నాడు కొట్టు తెరవలేడు. పాస్‌పోర్టు లేకపోతే అసలు రైలే ఎక్కనివ్వరు. "ఒరేయ్, పరిగెత్తు!" అన్నాడు.

పరిగెత్తాను. ట్రాము నా వెనకబడిపోయింది. చిన్నత్తయ్య పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని కాజాలు కుడుతోంది.

"ఇవ్వను," అంది, తలెత్తకుండా. "పోయిన వస్తువు ఎవరిదో వాళ్లే రావాలి. గుర్తులు చెప్పాలి. మా అక్క ఆఫీసు నియమం అదే కదా?"

వెనక్కి వెళ్లి ఆ మాట చెప్పాను. నాన్న గదిలో అటూ ఇటూ తిరిగాడు. గోడనీ, అక్కనీ, నన్నూ తిట్టాడు. ఆ తర్వాత టోపీ పెట్టుకుని చెప్పులేసుకున్నాడు.

కొట్టు గుమ్మం ముందు నాన్న ఆగిపోయాడు. లోపలినుంచి చిన్నత్తయ్య గొంతు వినిపించింది. "ఏం పోయింది?"

"పాస్‌పోర్టు."

"గుర్తులు?"

"నా ఫొటో ఉంటుంది."

"ఫొటోలో మనిషి ఎలా ఉంటాడు?"

"ఎలా ఉంటాడేంటి? నాలాగే ఉంటాడు!"

"అలా అయితే ముక్కు మీద కోపం ఉండాలే. ఈ ఫొటోలో పాపం ఎవరో మంచివాడిలా ఉన్నాడు."

పెద్దత్తయ్య చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నాన్న విసురుగా గడప దాటాడు, వెనకే మేమూ లోపలికెళ్లాం. కానీ కిటికీలో బొమ్మ దగ్గర ఆయన కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. కోటు కాలరు వెనక్కి తిప్పి చూశాడు. వేలితో లోపలి కుట్టు తడిమాడు. మళ్లీ తడిమాడు.

"ఇది ఎవరు కుట్టారు?"

"కుక్క మెడకి కూడా ఆగని కాలర్లు ఈ ఊళ్లో నేనొక్కదాన్నే కుడతాను."

"లోపలి కుట్టు నా పద్ధతి."

"నీదే. ఇక్కడ అందరూ మార్చుకోమన్నారు. మార్చలేదు."

 నాన్న టోపీ తీసి బొమ్మ తలకి తగిలించి మిషన్ ముందు కూర్చున్నాడు. "దారం బిగువు ఎక్కువైంది. ఇలా తే," అన్నాడు. చిన్నత్తయ్య కుడుతున్నదాన్ని ఆయన ముందు పెట్టింది. ఇద్దరూ కలిసి ఆ మిషన్ని తిట్టడం మొదలుపెట్టారు.

నేను పెద్దత్తయ్యని బయటికి లాక్కొచ్చాను. "నిజం చెప్పండి. పాస్‌పోర్టు మర్చిపోయారా, వదిలేశారా?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఆ కౌంటర్లో ఏళ్ల తరబడి చూస్తున్నాన్రా. మనిషి కోసం గడప దాటనివాడు గొడుగు కోసం పరిగెత్తుకొస్తాడు. వచ్చాక కాసేపు కూర్చుంటాడు కూడా. మన వీధి చివర ముసలి మాస్టార్ని చూడ్డానికి ఎవరొస్తారు చెప్పు? నా గొడుగు వాళ్లింట్లో ఉంటే నువ్వైనా వెళ్తావు."

"అంటే, ఇన్నాళ్లూ నన్ను..."

"నీకు మాత్రం వేరే పనేముంది?" అంది.

"మరి మావయ్యని బట్టల కొట్లో?"

"అది నిజంగానే మర్చిపోయాను. ఎవరికీ చెప్పకు."

రైలు వేళయింది. వదిలి రావడానికి నాన్నకి కాళ్లు రాలేదు. చిన్నత్తయ్య పాస్‌పోర్టు ఆయన జేబులో పెట్టి, జేబు మీద గట్టిగా ఒకటి కొట్టింది. ముగ్గురం గుమ్మం దిగాం. అప్పుడు చూశాను. నాన్న టోపీ కిటికీలో బొమ్మ తల మీద దర్జాగా ఉంది.

"నాన్నా, మీ టో..."

పెద్దత్తయ్య నా కాలు తొక్కింది. ఆ తొక్కుడికి నేను కొంచెం పొట్టివాణ్ని అయ్యాను. నాన్న వినలేదు. లేదా విన్నాడేమో, ఆయన వెనక్కి చూడకుండా నడిచాడు.

రైలు కదిలాక బోడిగా ఉన్న తల నిమురుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి మామూలుగా అడిగినట్టే అడిగాడు. "ఒరేయ్, మళ్లీ వరసగా మూడ్రోజులు సెలవులు ఎప్పుడొస్తాయో కాస్త చూడు."