గంట కొట్టినవాళ్లు ఆఖరున తినాలి

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, గడిలో, అంటే కోటలాంటి మా పాత ఇంట్లో కూర్చుని తగవులు తీర్చేవాడు, జరిమానాలు వేసేవాడు. ఆయన ఎదురుపడితే జనం చెప్పులు చేతిలో పట్టుకుని పక్కకు తప్పుకునేవారు. మా నాయన కాలానికి ఊళ్లూ లేవు, తగవులతో వచ్చేవాళ్లూ లేరు. నేను సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి, రిటైరై, జనగామలో కొడుకు దగ్గర ఉంటున్నాను. నడుము నిటారుగా పెట్టి కూర్చోవడం ఒక్కటే నాకు వచ్చిన ఆస్తి అని నా భార్య అంటుంది. కాదనలేను.

మా వైపు బడికి పోయిన పిల్లలంతా చదివిన పుస్తకం ఒకటుంది. డోర్నకల్‌లో పనిచేసిన ఒక పంతులు రాశాడు. అందులో ఒక దొర. ఆయన భోజనం చేసి గంట కొట్టించే దాకా ఊళ్లో ఎవరూ ముద్ద నోట్లో పెట్టుకోకూడదు. ఆకలికి ఆగలేని ఒక పిల్ల తన గోరింకకు ఆ గంట చప్పుడు నేర్పిస్తుంది. గోరింక పొద్దున్నే గణగణమంటుంది, ఊరంతా కడుపునిండా తినేస్తుంది. దొర విస్తరి ముందు కూర్చునేసరికి వీధిలోంచి తేన్పులు వినిపిస్తాయి. పిల్లలు అక్కడికొచ్చేసరికి పడీ పడీ నవ్వుతారు. నేను చిన్నప్పుడూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వను. మా గడి మీద గంట ఉండేదట. తాత తిన్నాకే మోగేదట.

నా మనవరాలు ఐదో తరగతి. ఆ పుస్తకం దానికి కంఠతా వచ్చు. ఆ పంతులు ఉన్న ఇంటిని ఈ మధ్య మ్యూజియంగా మార్చారు. శుక్రవారం బడివాళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకుపోతామన్నారు. అది ఇల్లంతా ఎగిరింది. నాకు మాత్రం భయం పట్టుకుంది. అక్కడ ఏ గోడ మీదైనా, ఏ బొమ్మ కిందైనా మా ఊరి పేరో ఇంటి పేరో రాసి ఉంటే? తోటి పిల్లలంతా నవ్వుతున్న చోట నిలబడి అది తన ఇంటి పేరే చదువుకుంటే? అలా ఉంటే ముందే నేను కూర్చోబెట్టి చెప్పాలి, లేదా ఆ ప్రయాణం మాన్పించాలి. రెండూ నావల్ల అయ్యే పనులు కావు. అందుకే ఏదో పని ఉందని ఇంట్లో చెప్పి, ఒంటరిగా ముందే బయల్దేరాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, కండువా భుజాన వేసుకుని పాసింజర్ ఎక్కాను. మహబూబాబాద్ దాటాక కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నేను వాటిని చూడకుండా అక్కడ అనవలసిన మాటలు పేర్చుకున్నాను. మర్యాదగా అనాలి, గట్టిగా అనాలి, పేరు తీసేయమనాలి.

స్టేషన్‌కు దగ్గరి వీధిలో పెంకుటిల్లు. ముందు గదిలో పంతులు కుర్చీ, కళ్లజోడు, పిడి విరిగిన గొడుగు. లోపలి గదిలో పుస్తకంలోని బొమ్మలు పెద్దవి చేసి పెట్టారు. మహబూబాబాద్ నుంచి వచ్చిన బడిపిల్లలు దొర బొమ్మ ముందు లేని మీసాలు మెలేస్తూ ఫోటోలు దిగుతున్నారు. నేను వాళ్ల మీదుగా వంగి బొమ్మ కింద రాసింది చదివాను. ‘దొర’ అని ఉంది. అంతే. మిగతా బొమ్మల కింద కూడా ఒక్కొక్కటే చదివాను. ఏమీ లేదు.

వెనుక వాకిట్లో దూలానికి ఇత్తడి గంట కనిపించింది.  మా గంట అంచున ఇంటి పేరు చెక్కి ఉండేదని నాయన చెప్పేవాడు. దగ్గరికెళ్లి అంచు చుట్టూ వేలితో తడిమాను. నున్నగా ఉంది.

“ఏం దేవులాడుతున్నరు సార్?”

తల మీద కొంగు కప్పుకున్న ఒకామె, నా ఈడుదే, గుమ్మంలో నిలబడి ఉంది. ముస్లిం ఆమె. ఆ పంతులు దగ్గరే చదువుకుందట. తనూ టీచర్‌గా చేసి రిటైరై ఈ మ్యూజియం చూసుకుంటోంది.

“ఏం లేదు. ఊరికే చూస్తున్నాను,” అన్నాను.

“కూసోండ్రి. ఎక్కడికెల్లి వచ్చిండ్రు?”

“జనగామ.”

ఆమె నా కండువా చూసింది, నేను కుర్చీలో కూర్చున్న తీరు చూసింది. “దొర సంగతి అడగనీకే వచ్చిండ్రు గదా?”

“మీకెట్లా తెలుసు?”

“నడుము చూస్తెనే ఎర్కైతది సార్. కుర్చీకి ఆనుతనే లేరు. కాటారం దిక్కుకెల్లి ఒకాయన గిట్లనే వచ్చి కూసున్నడు. మరిపెడ దిక్కు అన్నదమ్ములైతే నా మీద లేచిండ్రు. ఆ దొర మా తాతనే, మా పరువు తీసిండ్రు, పేరు తీసెయ్యిండ్రి అని. పేరు యాడుంది సార్ తీసెయ్యనీకి?”

“మరి ఆ దొర ఎవరు?”

“నేను చిన్నప్పుడు మా సార్‌ను గదే అడిగిన. గంట కొట్టని దొర ఉంటె చెప్పు బిడ్డా, ఆయన మీద ఇంకో పుస్తకం రాస్త అన్నడు.”

 మా తాత ఒక్కడే కాదు. ఏ గోడ మీదా మా పేరు లేదు. పిల్ల నిశ్చింతగా రావచ్చు. అక్కడితో లేచి రావలసింది. కానీ నోరు ఊరుకోలేదు.

“మా గంట రెండూళ్లకు వినిపించేది,” అన్నాను.

“కాటారమాయన మూడూళ్లకన్నడు,” అని ఆమె పడీ పడీ నవ్వింది. జవాబు చెప్పబోయి, ఏం చెప్పబోతున్నానో నాకే తెలిసొచ్చి, నేనూ నవ్వాను.

అంతలో పిల్లలు వాకిట్లోకి వచ్చి వరుసగా కూర్చున్నారు. ఆమె ఒక జల్లెడ నిండా పుట్నాలు, బెల్లం తెచ్చింది. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఒకరు గంట కొడతారట. కొట్టాకే పంచుతారు. కొట్టినవాళ్లు అందరూ తిన్నాక ఆఖరున తినాలి. అది పంతులే పెట్టిన పద్ధతట.

“ఇయ్యాల పెద్దసారు కొడ్తరు,” అంది ఆమె.

తాడు పట్టుకున్నాను. గంట మోగింది. పిల్లలు “బువ్వా!” అని ఒక్కసారే అరిచారు. జల్లెడ ఒక్కొక్కరి ముందు ఆగుతూ పోయింది. నేను తాడు పక్కనే నిలబడ్డాను. ఒక పిల్ల బెల్లం నములుతూ, “జర ఆగు తాతా, నీకు గూడ ఉంటయ్ తియ్,” అని ధైర్యం చెప్పింది. చివరికి నా దోసిట్లో గుప్పెడు పడ్డాయి. మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదేమో, ఆ పుట్నాలు నిజంగానే రుచిగా ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి మనవరాలు గడపలోనే ఎదురైంది. నేను పని మీద పోలేదని, ఎక్కడికి పోయానో అది అప్పటికే పసిగట్టింది.

“తాతా, నువ్వు నాకంటె ముందు చూసొచ్చినవా! నన్ను పంపిస్తవా లేదా?”

“పో. మంచిగుంది.”

“గా దొర నిజంగ ఉండెనా?”

చెప్పకుండా తప్పించుకోవచ్చు. కానీ ఇక భయపడాల్సిందేమీ మిగల్లేదు. “చానామంది ఉండిరి. మా తాత కూడ ఒకడు,” అన్నాను.

దానికి కోపమొస్తుందనుకున్నాను. దాని కళ్లు మెరిశాయి. “నిజంగనా! అయితె మా టీచర్‌కు చెప్తా. తాతా, మరి మన గడి ఏది?”

చెప్పాను. గడి దర్వాజాలు, దూలాలు, గంటతో సహా ఇత్తడి సామానంతా నేను పుట్టక ముందే జనగామ వ్యాపారులకు అమ్ముడుపోయాయి. గోడలు నిలిచిన స్థలాన్ని నా కాలేజీ చదువు కోసం నాయన అమ్మాడు. ఆ గడిలో ఆఖరి ముద్ద తిన్నది నేనే.