చీనా పళ్ల డాక్టరు ఇచ్చిన పొట్లం

"గా చీనా పిల్లను ఇంటికెట్ల పిలుస్తవ్? సరిహద్దుల మన సిపాయిలను చంపింది యాది లేదా?" అని మా కొడుకు.

"ఆమె చంపిందా డాడీ? నా లెక్కనే కంప్యూటర్ ముందు కూసుంటది. రెండు నెల్ల పనికి ఈడికొచ్చింది. రేపు పొద్దున టిఫిన్‌కు రమ్మన్న, ఇగ వద్దని నేనైతే చెప్పను" అని మనవరాలు.

"అయితే హోటల్‌కు తీస్కపో. నా గడప తొక్కొద్దు."

తెల్లాపూర్‌లో మాది పద్నాలుగో అంతస్తు. గొంతు పెంచితే లిఫ్టు కాడికి వినిపిస్తుంది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. తీర్పు చెప్పమన్నట్టు ఇద్దరూ నా దిక్కు చూశారు. నాకు కోపమూ రాలేదు, బాధా కలగలేదు. టీవీలో ఒకనాడు రెండు దేశాల పెద్దలు చేతులు కలిపి నవ్వుతారు. ఇంకోనాడు అదే టీవీ, వాళ్ల సామాను కొనొద్దని అరుస్తుంది. చూసి చూసి నాకు రెండూ ఒక్కతీరే అయ్యాయి.

నా చిన్నప్పుడు, చీనాతో యుద్ధం వచ్చిన ఏడు, నేను మూడో తరగతి. చదువు అక్కడే ఆగింది గనక ఆ ఏడు బాగా యాది ఉంది. చీనోళ్లు పిల్లలకు విషం పెడతారని బడిలో చెప్పుకునేవాళ్లం. అప్పుడే నా కింది దవడ పన్ను పుచ్చి, చెంప ఉబ్బి, జ్వరం పట్టింది. మా తాతయ్య నన్ను బస్సెక్కించి పట్నం తీసుకుపోయాడు. ఆయనకు తెలిసిన పళ్ల డాక్టరు ఒక్కడే. చీనా ఆయన.

దుకాణం బోర్డు మీద పేరు కనబడకుండా గోనెపట్ట కప్పి ఉంది. లోపల డాక్టరు తప్ప ఎవరూ లేరు. ఎదురుగా చాయ్ హోటల్ కాడ నిలబడ్డవాళ్లు మా దిక్కే చూస్తున్నారు. నేను కుర్చీ ఎక్కనని పళ్లు బిగించాను.

మా తాతయ్య బతిమాలలేదు. తనే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పై పన్ను ఒకటి ఆరు నెలలుగా కదులుతోంది. దానంతట అదే ఊడేదానికి డాక్టరెందుకు, దండగ అని నాలుకతో తోసుకుంటూ తిరిగేవాడు. అసుంటి మనిషి, వీధి తలుపు బార్లా తీయించి, అందరికీ కనబడేట్టు నోరు తెరిచాడు. పన్ను వచ్చింది. నెత్తురు ఉమ్మి, ఆ సందులోంచి నన్ను చూసి నవ్వాడు. ఇగ నేను ఎక్కక తప్పలేదు.

అయిపోయాక డాక్టరు రెండు పళ్లనూ కాగితంలో చుట్టాడు. వాళ్ల ఇళ్లల్లో కింది పన్ను ఇంటి కప్పు మీదికి విసురుతారట, పై పన్ను మంచం కింద వేస్తారట. మాకన్నా శుద్ధమైన ఉర్దూలో చెప్పాడు. మాకు ఏ పన్నైనా కప్పు మీదికే. ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని, తల జర వంచి, నేనేదో ఊరి పటేలునైనట్టు నాకు అందించాడు.

నేను ఎడమ చెయ్యి చాపాను. తెలిసే చాపాను. అది ఎంత అవమానమో ఆయనకూ తెలుసు, ఈ పట్నంలోనే పుట్టిన మనిషి. ఆయన చేతులు కాసేపు గాలిలోనే ఆగాయి. తర్వాత పొట్లం వదిలేశాడు.

మా తాతయ్య నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి నా పన్ను కప్పు మీదికి విసిరాడు. తనది మంచం కింద వేసుకున్నాడు. ఇదేం పద్ధతని మా నాయనమ్మ అడిగితే, "తీసిన ఆయన గట్లనే చెప్పిండు" అన్నాడు. అంతే.

నెల తిరక్కుండా మళ్లీ పట్నం పోయాం. దుకాణానికి తాళం. డాక్టరు ఇంటివాళ్లను సర్కారోళ్లు ఎక్కడికో పంపించేశారని ఒకరు, వాళ్లే పోయారని ఒకరు. నేను ఏడవలేదు. ఇన్నేళ్లయినా ఏడుపు రాలేదు. అప్పట్నుంచి ఎవరేమిచ్చినా రెండు చేతులతోనే తీసుకుంటాను, కూరగాయల సంచి అయినా, వాచ్‌మన్ తెచ్చే కవరైనా. ముసలామె అలవాటు అనుకుంటారు ఇంట్లో.

చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఇదంతా మొదటిసారి చెప్పాను. మా కొడుకు లేచి లోపలికి పోయాడు.

తెల్లారి ఎనిమిదింటికి ఆ పిల్ల వచ్చింది. చెప్పులు బయట విడిచి, చిన్న టీ డబ్బాను రెండు చేతులా నాకు అందించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, రెండు చేతులా తీసుకున్నాను. చల్లని నీళ్లిస్తే, వేడినీళ్లు కావాలని మనవరాలితో మెల్లగా చెప్పింది. మా కొడుకు చదువుతున్న పేపరు మడిచి, వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించాడు.