వార్ధా నీళ్లను వదలని విమానం

2021 వానాకాలం మొదట్లో, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, కొలతలూ డ్రాయింగులూ వచ్చినదాన్నని నన్ను ఫ్లైట్ మోడల్ విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేశారు. అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. అంతకుముందు ఉద్యోగమంతా గడ్‌చాందూర్ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో, కిల్న్ దగ్గరే గడిచింది. కిల్న్ అంటే సున్నపురాయిని కాల్చే బట్టీ. లోపల ఇటుకలు పరిచి, పడుకోబెట్టిన పెద్ద గొట్టంలా మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దాని ముందు ముప్పై ఏళ్లు చెమటలు కక్కిన దాన్ని, ఏసీ గదిలో కూర్చుని విమానాలు చేయమంటే ఎగిరి గంతేశాను. చుట్టాలకే కాదు, కూరగాయలామెకు కూడా చెప్పేశాను.

మొదటి పనే నీటి విమానం. చక్రాలకు బదులు కింద పడవల్లాంటి రెండు ఫ్లోట్లుంటాయి. మేం చేయాల్సింది పైలట్ల శిక్షణ కోసం కంప్యూటర్లో నడిచే నమూనా. బరువు, రెక్కలు, ఇంజను, ఫ్లోట్ల కొలతలు అంకెలుగా ఎక్కిస్తే, తెర మీద అది అసలు విమానంలాగే నడుచుకోవాలి. శిక్షణ సంస్థ తరఫున ఒక రిటైర్డ్ కెప్టెన్ శనివారం వచ్చి స్వయంగా నడిపి చూస్తానన్నారు. ఆ రోజు విమానం లేవకపోతే పని పుణె ఆఫీసుకు పోతుందని, ఇక్కడి విభాగం మూసేస్తారని మేనేజర్ మరాఠీలో ఎంతో మర్యాదగా చెప్పారు. తిట్టి ఉంటే అంత భయమేసేది కాదు.

టెస్టింగు రాజన్నది. గడ్‌చాందూర్‌లో కిరాణా కొట్టు నడిపే తెలుగు కుటుంబం వాళ్లది. కొట్టు అన్నకు వదిలేసి తను కంప్యూటర్లు పట్టుకున్నాడు. విమానానికి నీళ్లు కావాలి కాబట్టి మాకు తెలిసిన నీళ్లే గీసుకున్నాం: రాజురా దారిలో వంతెన దగ్గరి వార్ధా నది, ఒడ్లు నిండేంతగా.

సోమవారం రాజన్న ఇంజను పూర్తిగా పెంచాడు. విమానం ముక్కు పైకెత్తి, వెనక భాగం నీళ్లలో ఈడ్చుకుంటూ, నురగలు కక్కుకుంటూ పోయింది. అలా పోయి పోయి నది మలుపు కూడా తిరిగింది, కానీ నీళ్లను వదల్లేదు.

“అక్కా, గిది ఇమానం గాదు, లాంచి. రాజురాకు టికెట్లు కొడ్దమా?” అన్నాడు రాజన్న. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మంగళవారం ఇంజను బలం పెంచాను. లాంచీ ఇంకా జోరుగా పోయింది. బుధవారం బరువు తగ్గించడానికి సీట్లు తీసేశాను, పైలట్‌ను కూడా తీసేశాను. గురువారం మతిపోయి నీటి సాంద్రత తగ్గించాను. విమానం నిదానంగా, ఏ గొడవా లేకుండా మునిగిపోయింది. రాజన్న లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్లోటు అడుగున, నడిమికి కాస్త వెనగ్గా, మెట్టులాంటి కోత ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఫ్లోటు పైకి లేచి ఆ మెట్టు అంచు మీదే జారుతుంది. అప్పుడే నీళ్ల పట్టు వదులుతుంది. మా విమానం మెట్టు మీదికి ఎక్కడమే లేదు, చతికిలబడి కూర్చుంటోంది. ఎందుకో తెలియక నా బుర్ర వేడెక్కిపోయింది.

శుక్రవారం భోజనం వేళ పాత ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. కిల్న్ ఫోర్‌మన్ మల్లేశం. ఏం తోచకపోయినా ఇప్పటికీ నన్నే అడుగుతాడు.

“మేడం, లోపట ఇటుక రాలింది, పద్దెనిమిదో మీటరు కాడ.”

“మంట వైపు నుంచేనా?” అన్నాను అలవాటుగా.

“గదేంది మేడం, ఇంకెటు నుంచి లెక్కవెడ్తం?”

నిజమే. రాయి ఒక కొస నుంచి లోపలికి వస్తుంది, మంట ఉన్న కొస నుంచి బయటికి పోతుంది. మేం మాత్రం కొలత ఎప్పుడూ ఆ బయటికి పోయే కొస నుంచే మొదలుపెడతాం. మల్లేశానికి మళ్లీ చేస్తానని చెప్పి డ్రాయింగు దగ్గరికి పరుగెత్తాను. మెట్టు దూరం ముక్కు నుంచి అని దాని మీద స్పష్టంగా ఉంది. నా కళ్లు అది చదివాయి, చెయ్యి మాత్రం కిల్న్ అలవాటుతో తోక నుంచి లెక్కపెట్టింది. బరువు కేంద్రానికి వెనక ఉండాల్సిన మెట్టు, దానికి ముందుకొచ్చి కూర్చుంది. అందుకే బరువంతా మెట్టు వెనక పడి, తోక నీళ్లలోకి దిగబడుతోంది.

నీళ్లను మళ్లీ నీళ్లుగా మార్చి, ఇంజను బలం పాత అంకెకే తెచ్చి, పైలట్‌ను, సీట్లను తిరిగి పెట్టి, ఆ ఒక్క అంకె సరిచేశాను. రాజన్న ఇంజను పెంచాడు. ముక్కు లేచింది, వెంటనే కిందికి సర్దుకుంది, ఫ్లోట్లు నీటి మీద పరుగందుకున్నాయి. “లేస్తుంది అక్కా, లేస్తుంది!” అని అరిచాడు. లేచింది! మేనేజర్ మర్యాద మర్చిపోయి బల్ల మీద దరువేశారు. నేను చెప్పులు వదిలేసి గంతులేశాను.

విమానం రాజురా మీద చక్కర్లు కొడుతోంది. ఐదో చక్కరుకు రాజన్న మెల్లగా అడిగాడు.

“మరి దింపుడు ఎట్లక్కా?”

లేవని విమానాన్ని దింపడం గురించి మేమెవరం ఆలోచించలేదు. సాయంత్రంలోగా రాజన్న దాన్ని మూడుసార్లు వార్ధాలో ముక్కు కింద పెట్టి ముంచాడు. ప్రతిసారీ కడుపుబ్బ నవ్వాం.

శనివారం కెప్టెన్ గారు ఎవరినీ ఏమీ అడక్కుండా లేపారు, అడక్కుండానే దింపారు. దిగేటప్పుడు కాస్త ఎక్కువ ఎగిరిపడుతోంది, అది చూడండన్నారు. వారం ఎందుకు పట్టిందని కూడా అడిగారు. మేనేజర్ గొంతు సవరించుకునేలోపే, కొలత తోక నుంచి వేసింది నేనేనని చెప్పాను. కెప్టెన్ గారు ఆమోదం కాగితం మీద సంతకం పెట్టి నా ముందుకు జరిపారు.

రాని పనిలో చేసిన తప్పును వెతికి పట్టుకుంటాం. బాగా వచ్చిన పనిలోని తప్పు, ఆ పని వచ్చినవాళ్ల కంటికి ఆనదు. అందుకని ఆ తర్వాత నా కొలతలన్నీ సరిచూడమని రాజన్నకే ఇచ్చాను. అతను జన్మలో కిల్న్ చూడలేదు. మొదటి వారంలోనే ఇంకో రెండు తప్పులు పట్టాడు.