ఎర్రర్ మెసేజ్‌లో తాత

రాయగడలో మా హోల్‌సేల్ కొట్టుకి ఆర్డర్లు ఎక్కించుకునే చిన్న సాఫ్ట్‌వేర్ నేనే చేశాను. ఇవాళ పొద్దున నాన్న ఒక ఆర్డర్లో ఊరి పేరు నింపకుండా బటన్ నొక్కాడు. వెంటనే తెర మీద ఎర్రగా "డెలివరీ లొకేషన్ ఫీల్డ్ ఈజ్ రిక్వైర్డ్" అని వచ్చింది.

"ఇదేటమ్మి, నానేటి సేసేనని ఇంగ్లీషులో తిడతంది?" అని విసుక్కున్నాడు.

నాకు తాత గుర్తొచ్చాడు. మా కొట్లో మూటలు ఊళ్లవారీగా పేర్చి, బస్సుల పైకి ఎక్కిస్తాం. అందుకే తాత మనిషి పేరు కన్నా ముందు ఊరే అడిగేవాడు. ఆయన పోయాక అలా అడిగే గొంతే లేదు. మధ్యాహ్నం కూర్చుని, ఆ ఇంగ్లీషు మెసేజ్ తీసేసి ఆయన మాటే పెట్టాను: "ఏ ఊరు బావూ? సెప్పకపోతే మూట ఏ బస్సెక్కించాల?"

సాయంత్రం చూస్తే, నాన్న కల్యాణసింగ్‌పూర్ ఆర్డరు ఎక్కిస్తూ, ఊరి గడి మాత్రం ఖాళీగా వదిలేసి మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతున్నాడు.

"ఊరు నింపలేదు నాన్నా" అన్నాను.

"తెలుసమ్మి. మీ తాతని ఇంకోపాలి ఊరు అడగనీ" అన్నాడు.

మెసేజ్ కోసమే తప్పు చేసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ ఎలా రాయాలో, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.