అడగని సీటు

ఇల్లు కట్టబోయే చోట పునాదికి ముందు మట్టి తీసి, అది ఎంత బరువు మోస్తుందో పరీక్షించి చెప్పడం ఆవిడ పని. అందుకే మేనకోడలు చిన్నప్పుడే ‘మట్టత్త’ అని పేరు పెట్టేసింది. ఇప్పుడు ఆఫీసులో వాళ్లదీ అదే పిలుపు. బోరు యంత్రం పైకి లాగిన మట్టిని వేళ్లతో నలిపి, అరచేతిలో పురికొసలా సన్నగా చేసి చూసి, సంచిలో కట్టి తెచ్చుకుంటుంది. అక్కడ గోడ లేచేసరికి ఆవిడ ఇంకో గోతి దగ్గర ఉంటుంది. సెలవొస్తే మాత్రం, పనీపాటా లేనట్టు, తాను మట్టి తీసిన వీధులన్నీ తిరుగుతుంది. ఎవరో గీసిన ఇళ్ల ముందు నిలబడిపోతుంది. ఆ కిటికీ కాస్త పక్కకి జరిపుంటే వంటింట్లోకి ఎండ పడేది కదా అనుకుని, నాకెందుకులే అని కదులుతుంది. నిజానికి ఆవిడకే కావాలి.

ఇళ్లు గీయాలన్నది ఆవిడ కోరిక మరి. ఆవిడ చదివిన కాలేజీలో ఏ సబ్జెక్టు కోరితే ఆ సబ్జెక్టు సీట్లకే పోటీ పడాలి. ఆర్కిటెక్చర్ కోసం జనం ఎగబడేవాళ్లు. భూగర్భశాస్త్రం వాళ్లు ఈగలు తోలుకునేవాళ్లు. ముందు లోపల కాలు పెట్టు, తర్వాత మారిపోవచ్చన్నాడు పెద్దనాన్న. ఎంత తెలివి! భూగర్భశాస్త్రం అడిగి కాలైతే పెట్టింది. మారాలంటే అవతల ఎవరైనా సీటు ఖాళీ చెయ్యొద్దూ? చచ్చీచెడీ సంపాదించుకున్న సీటు ఎవడు వదులుతాడు? ఇవాళా రేపా అని ఎదురుచూస్తుండగానే డిగ్రీ చేతికొచ్చేసింది.

ఇప్పుడు మేనకోడలి వంతు. ఆ పిల్లకీ ఇళ్ల పిచ్చే, అత్త వెంట వీధులు తిరిగి అంటించుకుంది. అన్నయ్య తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, అదే కాలేజీలో ఆ రాళ్లూరప్పల సబ్జెక్టు అడిగితే సీటు ఖాయమనీ, కావాలంటే చెల్లెలే సాక్ష్యమనీ చెప్పుకొచ్చాడు. తన బతుకు ఇంట్లో గెలుపు కథగా చెలామణీ అవుతోందని మట్టత్తకి అప్పుడే తెలిసింది. నవ్వాలో ఏడవాలో తోచలేదు.

పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. “ఆర్కిటెక్చరే అడిగితే? రాకపోతే ఏంటత్తా?”

“రాకపోతే ఏడుస్తావు. ఓ ఏడాది ఏడ్చి మళ్లీ అడుగుతావు. వేరేది వచ్చాక ఏడిస్తే ఎన్నేళ్లు పడుతుందో నన్నడుగు.”

అన్నయ్య కాఫీ సగంలో వదిలేసి లేచాడు. పిల్ల ఆర్కిటెక్చర్ ఒక్కటే అడిగింది.

రాలేదు.

ఆ సాయంత్రం పిల్ల వచ్చి అత్త ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కాలేజీవాళ్లు తను గీసిన ఇంటి బొమ్మ చూశారట. మెట్లు బాగున్నాయి గానీ వెలుతురు సంగతి ఆలోచించలేదన్నారట. ఫోన్లో అన్నయ్య నిప్పులు కక్కాడు. మట్టత్త అన్నీ పడింది. పిల్ల నోటి దగ్గర కూడు తానే పడగొట్టానేమోనని కుమిలిపోయింది. అయినా ఆ పిల్లని చూస్తుంటే, చెప్పుకోడానికి సిగ్గుచేటు గానీ, ఆవిడకి అసూయ పుట్టింది.

“నీ బొమ్మ చూశారా? నిజంగా చూశారా?” అని అడిగింది.

పిల్ల ముక్కు ఎగబీలుస్తూ తలూపింది.

మట్టత్తని ఆ కాలేజీ ఎన్నడూ కాదనలేదు. ఆవిడ అడిగితేగా.

పిల్ల జుట్టు వెనక్కి సర్దింది. “ఏదీ, ఆ బొమ్మ ఇలా తే. కిటికీ ఎక్కడ పెట్టావో చూద్దాం” అంది.