వెనక్కి వాలమన్నవాడు

పోయిన సోమవారం పొద్దున రుద్రంగి నుంచి ఫోన్ వచ్చింది, మా బామ్మర్ది పోయాడని. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయాడట. నేను నమ్మలేదు. ఇదివరకు రెండుసార్లు ఇలాంటి ఫోనే చేయించాడు. నేను కోరుట్ల నుంచి ఉరికి వెళితే కోడికూర వండి కూర్చున్నాడు. ఈసారి నిజమే అయింది. నలభై ఏండ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి కుర్చీలో పోయాడంటే, నాకు ఆ కుర్చీ మీద కోపమొచ్చింది.

ఆయన గురించి మీకొక సంగతి చెప్పాలి. నా మనుమరాలికి హైదరాబాదు దగ్గర ఒక థీమ్ పార్కులో ఉద్యోగం. కోతి వేషం వేసుకుని, నడుముకు వైరు తగిలించుకుని, స్తంభమెక్కి పిల్లలకు చేతులూపుతుంది. మా ఇంట్లో అసలు కోతిని నేను, ఆ ఉద్యోగం నాకు రావాల్సింది, నీకెట్లా వచ్చిందని దాన్ని ఏడిపించేవాణ్ణి. ఒకరోజు అక్కడికొచ్చిన విదేశీ సినిమావాళ్లు దాన్ని చూశారు. తమ సినిమాలో చెట్లెక్కే పిల్ల వేషముంది, నెల రోజుల్లో బ్యాంకాక్ వచ్చి ఎక్కి చూపించమన్నారు. పైకి లాగే వైరు ఉండదన్నారు. అది పుట్టి బుద్ధెరిగి చెట్టెక్కలేదు. సెలవు పెట్టి తిన్నగా రుద్రంగికి వచ్చింది, వెంట నేను.

"నీకు ఎక్కుడే వస్తదిర బామ్మర్ది, నేర్పుడు రాదు," అన్నాను.

"నువ్వు గా గట్టు మీద కూసో బావా. చేన్ల పిట్టలన్న వాలకుంట ఉంటయి," అన్నాడు.

మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. మనుమరాలికి అది కట్టి, నేలకు మూరెడెత్తులోనే మూడు రోజులు నిలబెట్టాడు. పిల్లకు వైరు అలవాటు. వైరు పైకి లాగుతుంది, మోకు లాగదు. ఒంటి బరువు వెనక్కి వేస్తేనే చెట్టుకు బిగుస్తుంది. ఇది భయపడి చెట్టును వాటేసుకునేది, మోకు వదులయ్యేది, జర్రున జారేది. మోచేతులు గీరుకుపోయాయి.

"చెట్టును గట్ల పట్టుకుంటె పడ్తవ్ బిడ్డా. ఎన్కకు వాలు."

"భయమైతుంది తాతా."

"నాకు గూడ ఐతది. రోజు ఐతది. వాలు."

ఆయన నోట భయమన్న మాట వినడం నాకదే మొదలు. అంతకుముందు అనుంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు మరి.

నాలుగో రోజు వాలింది. ఇరవయ్యో రోజు కొన దాకా వెళ్లి, పార్కులోలాగే నవ్వుతూ చెయ్యూపింది.

"ఎవలకు ఊపుతున్నవ్?" కింద నుంచి కేకేశాడు. "మీద మనకు పని ఉంటది బిడ్డా, సుట్టాలుండరు."

బ్యాంకాక్‌లో అది నవ్వలేదు, చెయ్యూపలేదు. ఎక్కి, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి కల్లు గీస్తున్నట్టు చూపించింది. వేషం దానికే ఇచ్చారు. కోరుట్ల బస్టాండులో తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ నేనే చెప్పాను. ఆయన మాత్రం ఫోనులో ఒక్కటే అడిగాడు.

"చెట్టు మంచిదేనా బిడ్డా?"

"చెట్టు గాదు తాతా, కట్టె స్తంభం."

"గంత దూరం పిలిచి చెట్టు గూడ ఇయ్యలేదా," అని నిజంగానే బాధపడ్డాడు.

కిందటి నెల ఆయన ఇంటికి వెళ్లినప్పుడు, పిల్ల బ్యాంకాక్‌లో ఎక్కిన వీడియో నా ఫోనులో చూపించాను. పిల్ల ముఖం మీద బొటనవేలు పెట్టి చూస్తున్నాడు.

"ముఖం కనవడ్తలేదుర, వేలు తియ్యి."

"ముఖం లోకమంత చూస్తది బావా. నేను కాళ్లు చూస్తున్న."

ఏదో అనబోయి కిందికి చూశాను. మడమలు పగిలిన ఆయన వట్టి పాదాలు, పిల్ల అడుగుకు ఒక అడుగు చొప్పున, నేల మీదే పైకి ఎక్కుతున్నాయి.